ఇంటి గడప నుంచి శ్రీశైలం దాకా నడక: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కర్నూలు. ఇంటికి తాళం వేసి, వీధి చివర వినాయకుడికి కొబ్బరికాయ కొట్టి, అక్కడి నుంచే శ్రీశైలానికి నడక మొదలుపెట్టడం ఇప్పటికి నాలుగుసార్లు అయింది. మూడుసార్లు శివరాత్రికి, ఒకసారి ఉగాదికి. అందులో ఒకసారి సగంలోనే బస్సెక్కి వెనక్కొచ్చాను, ఆ సంగతి కింద చెప్తాను. సంక్రాంతి దాటిందంటే చాలు, "అన్నా, ఈసారి మేమూ వస్తాం, ఏమేం తెచ్చుకోవాలి" అని ఫోన్లు మొదలవుతాయి. చెప్పిందే చెప్పీ చెప్పీ చివరికి ఇలా ఒకచోట రాసి పెట్టాను.

ఆత్మకూరు దాకా బస్సులో పోయి అక్కడి నుంచి నడవొచ్చు కదా, ఇంటి నుంచే ఎందుకు?

నడవొచ్చు. చాలామంది చేసేది అదే. ఆత్మకూరు దాకా బస్సు, అక్కడి నుంచి ఆటోలో వెంకటాపురం, ఆపైన అడవిలో రెండు రోజులు. వాళ్ళ పుణ్యం ఏమీ తక్కువ కాదు. కానీ ఇంటి నుంచి నడిచేవాళ్ళకి ఒక లాభం ఉంది, అది భక్తికి సంబంధించింది కాదు, కాళ్ళకి సంబంధించింది. ఒళ్ళు రోజంతా నడకకు అలవాటు పడడానికి మూడు రోజులు పడుతుంది. నేరుగా అడవిలో దిగినవాళ్ళకి ఆ మూడో రోజు రాకముందే భీముని కొలను లోయ మెట్లు వచ్చేస్తాయి. మనకైతే ఆ ఏడుపంతా నందికొట్కూరు, జూపాడు బంగ్లా దగ్గరే, అంటే టీ కొట్టూ మందుల షాపూ బస్టాండూ ఉన్న చోటే అయిపోతుంది.

ఇంకొకటి కూడా ఉంది. రోజూ బండి మీద పది నిమిషాల్లో దాటేసే ఊరి పొలిమేర దాటడానికి రెండు గంటలు పడితే మనసు ఒకలా అయిపోతుంది. అది రాసి చెప్పడం నాకు చేతకాదు.

మొత్తం ఎంత దూరం? ఎన్ని రోజులు పడుతుంది?

బస్సు పోయే దారి ఆత్మకూరు, దోర్నాల మీదుగా చుట్టూ తిరిగి దాదాపు 180 కిలోమీటర్లు. నడకదారి నల్లమలలోంచి అడ్డంగా పోతుంది కాబట్టి 120 లోపే అయిపోతుంది. నేను ఆరు రోజులు పెట్టుకుంటాను. కుర్రాళ్ళు నాలుగు రోజుల్లో పోతారు, పోయి రెండు వారాలు కుంటుతారు.

మొదటి రోజు తెల్లవారుజామున బయలుదేరి గార్గేయపురం దాటి బ్రాహ్మణకొట్కూరు దగ్గర ఆగిపోండి. కాళ్ళు ఇంకా నడుస్తాం అంటాయి, వినొద్దు. రెండో రోజు నందికొట్కూరులో మధ్యాహ్నం భోజనం చేసి, ఎండ తగ్గాక జూపాడు బంగ్లా దాకా. మూడో రోజు ఆత్మకూరు. కావాల్సిన మందులు, బ్యాటరీలు, బిస్కెట్లు అక్కడే కొనుక్కోవాలి, ఆ తర్వాత చెప్పుకోదగ్గ అంగడి ఉండదు. నాలుగో రోజు వెంకటాపురం మీదుగా అడవిలోకి, రాత్రికి నాగలూటి. ఐదో రోజు పెద్దచెరువు. ఆరో రోజు మఠం బావి, భీముని కొలను, కైలాస ద్వారం, అక్కడి నుంచి గుడి.

శివరాత్రికి ఒక రోజు ముందే చేరేలా లెక్క వేసుకుని, దానికి ఇంకొక రోజు కలిపి బయలుదేరండి. ఆ ఒక్క రోజు చేతిలో ఉంటే దారిలో కాలు బెణికినా టెన్షన్ ఉండదు.

మాది కర్నూలు కాదు. మా ఊరి నుంచి కుదురుతుందా?

శ్రీశైలానికి నాలుగు ద్వారాలు అని పెద్దలు ఊరికే అనలేదు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. మీ ఇల్లు వీటిలో దేనికి దగ్గరో చూసుకుంటే సగం ప్లాను అయిపోయినట్టే. గుంటూరు, ప్రకాశం వాళ్ళు త్రిపురాంతకం వైపు నుంచి, కడప వాళ్ళు సిద్ధవటం వైపు నుంచి. గద్వాల, మహబూబ్‌నగర్ వాళ్ళు అలంపురంలో జోగులాంబను చూసుకుని తుంగభద్ర దాటితే కర్నూలు వచ్చేస్తుంది, ఇక అక్కడి నుంచి నా దారే మీ దారి.

హైదరాబాద్ వాళ్ళు ఎక్కువగా అడుగుతారు కాబట్టి విడిగా చెప్తున్నా. మీకు కల్వకుర్తి, డిండి, మన్ననూరు మీదుగా రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు, తొమ్మిది పది రోజులు. మధ్యలో రంగాపురం దగ్గర కొండ మీద ఉమామహేశ్వరం చూసుకోవచ్చు. మీ ఇబ్బంది ఏమిటంటే అడవి వచ్చినా కాళ్ళ కింద తారు రోడ్డు పోదు. మన్ననూరు దాటాక అంతా అమ్రాబాద్ పులుల అభయారణ్యం, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా వాహనాలనే వదలరు, మీరు చీకట్లో నడవాలని అస్సలు అనుకోవద్దు. వటవర్లపల్లి, దోమలపెంట తప్ప ఆగడానికి ఊళ్ళు పెద్దగా లేవు, కాబట్టి ఆ భాగంలో రాత్రి ఎక్కడ ఆగాలో ఇంట్లో ఉండగానే తేల్చుకోండి.

శివరాత్రికి వెళ్ళాలా, ఉగాదికా?

మొదటిసారైతే శివరాత్రికి. రాత్రిళ్ళు చల్లగా ఉంటుంది, పగటి ఎండ భరించగలిగినంతే ఉంటుంది. ఉగాది నాటికి కర్నూలు ఎండ గురించి నేను చెప్పక్కర్లేదు, తారు కరిగి చెప్పుకు అంటుకుంటుంది.

అయినా మనసుకు ఏది నచ్చింది అంటే ఉగాది అనే చెప్తాను, కారణం కన్నడిగులు. ఉత్తర కర్ణాటక నుంచి, షోలాపూర్ వైపు నుంచి వందల కిలోమీటర్లు నడిచి వస్తారు. భ్రమరాంబ వాళ్ళింటి ఆడపడుచు, మల్లన్న వాళ్ళ అల్లుడు. పండక్కి పుట్టింటివాళ్ళు చీరె సారె పట్టుకుని కూతుర్ని చూడడానికి వచ్చినట్టు వస్తారు, అంతే తప్ప మొక్కు తీర్చుకునే మొహాలు కావు అవి. కొందరు భుజాన కావడి లాంటి కంబి మోస్తారు, కొందరు కర్రకాళ్ళ మీద నడుస్తారు, వెనక ఎడ్లబండిలో పిల్లలూ సామానూ. బ్రాహ్మణకొట్కూరు దాటాక చింతచెట్టు కింద ఒక అజ్జి నన్ను చూసి, ఒక్క మాటైనా మాట్లాడకుండా సంచిలోంచి ఎండు జొన్నరొట్టె తీసి, దాని మీద శనగకాయల కారప్పొడి, పొడి మధ్యలో వేలితో గుంట చేసి అందులో నూనె పోసి నా చేతిలో పెట్టింది. ఆ రొట్టె కట్టెలా ఉంది. నమలడానికి పావుగంట పట్టింది, సాయంత్రం దాకా ఆకలి వేయలేదు.

అడవి దారి ఎప్పుడు కావాలంటే అప్పుడు పోవచ్చా?

పోకూడదు. అది నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం, దేశంలోకెల్లా పెద్దది. శివరాత్రికీ ఉగాదికీ కొన్ని రోజులు మాత్రం అటవీశాఖ వాళ్ళు నడిచేవాళ్ళని వదులుతారు. ఆ తేదీలు ఏటా మారతాయి, ఆత్మకూరు అటవీశాఖ ఆఫీసులో కనుక్కుని బయలుదేరండి. ప్లాస్టిక్ తీసుకుపోనివ్వరు, నిప్పు పెట్టకూడదు, చీకటి పడ్డాక నడవనివ్వరు. ఆధార్ దగ్గర పెట్టుకోండి. మిగతా రోజుల్లో "మాకు దారి తెలుసు" అని దొంగతనంగా పోయేవాళ్ళ గురించి నా దగ్గర మర్యాదైన మాటలు లేవు.

అడవిలో దారి ఎలా ఉంటుంది? భయమేస్తుందా?

పండగ రోజుల్లో జనం ఎంత ఉంటారంటే భయపడడానికి సందు దొరకదు. వెంకటాపురం దాటాక కొంతదూరం మట్టి బాట, ఆ తర్వాత రాళ్ళు, నాగలూటి దగ్గర పాత మెట్లు. శ్రీశైలానికి మెట్లు కట్టించిన పుణ్యం రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డిది అని చెప్తారు, అంటే పద్నాలుగో శతాబ్దం మాట. కొన్ని మెట్లు మధ్యలో అరిగి గిన్నెలా గుంట పడి ఉంటాయి, మన కాలు సరిగ్గా అందులోనే పడుతుంది. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య కూడా ఈ నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను దారినే శ్రీశైలం వెళ్ళొచ్చాడు. ఆయన వెంట పల్లకీ మోసే బోయీలు ఉన్నారు లెండి.

నాగలూటిలో వీరభద్రుడి గుడి, కోనేరు ఉన్నాయి. గుడి దగ్గర రాతి నేల మీద పడుకుంటే రాత్రంతా ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు, నిద్ర అంతంతమాత్రమే. పెద్దచెరువు చెంచుల గూడెం, పేరుకు తగ్గట్టే పక్కనే చెరువు. అక్కడ చెంచులు చేతికర్ర అమ్మితే బేరం ఆడకుండా కొనుక్కోండి, మరుసటి రోజు భీముని కొలనులో ఆ కర్రే మీకు మూడో కాలు.

భీముని కొలను అంటే లోయ. ముందు నిట్టనిలువుగా దిగాలి, అడుగున చల్లటి నీళ్ళు, మళ్ళీ అటువైపు ఎక్కాలి. అందరూ ఎక్కడానికి భయపడతారు, నిజానికి మోకాళ్ళను తినేది దిగడమే. పక్కకి తిరిగి, కర్ర ముందు ఆనించి, ఒక్కో మెట్టు దిగండి, వెనకవాళ్ళు తోస్తుంటే పక్కకి జరిగి వాళ్ళని పోనివ్వండి. అటువైపు ఎక్కేటప్పుడు "చేదుకో మల్లన్నా, చేదుకో" అని వినిపిస్తుంది. బావిలోంచి చేదతో నీళ్ళు తోడుకున్నట్టు మమ్మల్ని పైకి లాగెయ్యి తండ్రీ అని. ఇంట్లో కూర్చుని వింటే అది మామూలు మాట. ఆ మెట్ల మీద నాలుగడుగులకోసారి ఆగుతూ, ముందున్నవాడి మడమలు తప్ప ఇంకేమీ కనపడనప్పుడు, మన నోటి నుంచి దానంతట అదే వస్తుంది.

వెంకటాపురం దాటాక ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. "రెండు రోజులు ఫోన్ కలవదు, కంగారు పడొద్దు" అని ఇంట్లో ముందే చెప్పండి. మొదటిసారి నేను చెప్పలేదు, మా ఆవిడ శ్రీశైలంలో ఉన్న తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసి పెట్టింది.

పులి వస్తే?

పులి కన్నా లారీకి ఎక్కువ భయపడండి. మొదటి మూడు రోజులూ హైవే పక్కనే నడక. ఎప్పుడూ కుడివైపే నడవాలి, ఎదురొచ్చే బండి మనకి కనపడాలి. ఒకరి వెనక ఒకరు నడవండి, కబుర్లు చెప్పుకుంటూ నలుగురు వరసగా పోవద్దు. తెల్లవారుజామున సంచి వెనక మెరిసే స్టిక్కరు ఉండాలి, చేతిలో టార్చి వెలుగుతూ ఉండాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని భక్తి పాటలు వినేవాళ్ళు కూడా ఉన్నారు, మల్లన్నే కాపాడాలి.

ముందు ఎంతకాలం ప్రాక్టీస్ చేయాలి?

కనీసం ఆరు వారాలు. రోజూ ఐదారు కిలోమీటర్లు, ఆదివారం పది, తర్వాత పదిహేను. చివరి రెండు వారాల్లో శనివారం ఇరవై నడిచి, ఆదివారం మళ్ళీ ఇరవై నడిచి చూడండి. ఒక్కరోజు ఇరవై ఎవరైనా నడుస్తారు, రెండో రోజు పొద్దున లేచి మంచం దిగినప్పుడు తెలుస్తుంది మన సంగతి. ఏ సంచితో, ఏ బూట్లతో, ఏ సాక్సులతో వెళ్తారో వాటితోనే నడవాలి. అమెరికా నుంచి సెలవు పెట్టి వచ్చి నడిచేవాళ్ళు కొందరు ట్రెడ్‌మిల్ మీద తయారై వస్తారు. ఊపిరికి అది పనికొస్తుంది కానీ పాదానికి పనికిరాదు, బయట గట్టి నేల మీద కూడా నడవండి. దిగిన మర్నాడే నడక మొదలుపెట్టకుండా మూడు నాలుగు రోజులు మన ఎండకి అలవాటు పడండి.

బూట్లా, చెప్పులా, ఉత్త కాళ్ళా?

రెండు నెలలు వాడిన మెత్తటి బూట్లు, ఒక సైజు పెద్దవి. నడిస్తే మధ్యాహ్నానికి పాదం ఉబ్బుతుంది. సాయంత్రం వేసుకోవడానికి మామూలు చెప్పులు. దీక్షలో ఉండి ఉత్త కాళ్ళతోనే నడుస్తాను అంటే అది మీకూ స్వామికీ మధ్య విషయం, కానీ అలాంటివాళ్ళు నెల ముందు నుంచే చెప్పులు వదిలేస్తారు, బయలుదేరిన రోజు కాదు. పది గంటల తర్వాత తారు మీద నడవరు కూడా.

బొబ్బలు వస్తే ఏం చేయాలి?

వస్తాయి. పాదంలో ఎక్కడైనా మంట అనిపించగానే, "ఆ ఊరి దాకా పోయి చూద్దాం" అనుకోకుండా అక్కడే కూర్చుని బూటు విప్పండి. ఎర్రగా ఉంటే టేపు వేసేయండి, బొబ్బ దాకా రాదు. వచ్చేస్తే సూదిని స్పిరిట్‌తో తుడిచి, బొబ్బ అంచున గుచ్చి, నీరు మెల్లగా నొక్కి తీసి, పై తోలు మాత్రం పీకకుండా బెటాడిన్ రాసి, దూది పెట్టి టేపు వేయాలి. నందికొట్కూరులో ఒక షామియానా కింద ఒక పెద్దాయన నా మడమ తన ఒళ్ళో పెట్టుకుని, సూదికి తెల్లదారం ఎక్కించి బొబ్బలోంచి ఇటునుంచి అటు లాగి దారం అలాగే వదిలేశాడు, నీరంతా దాని వెంట కారిపోతుందని. ఆ రాత్రికి హాయిగా ఉంది. మర్నాడు దారం వెంటే చీము పట్టింది. ఆయన చెయ్యి చల్లనిదే, దారం మాత్రం వద్దు.

తొడలు ఒరుసుకుపోవడం గురించి సిగ్గుపడి ఎవరూ అడగరు కానీ బొబ్బల కన్నా అదే ఎక్కువమందిని కూర్చోబెడుతుంది. పొద్దున్నే కొబ్బరినూనో వేజ్‌లీనో రాసుకోండి, పంచె లోపల పొడుగు నిక్కరు వేసుకోండి.

సంచిలో ఏముండాలి?

ఐదు కిలోలు దాటకూడదు, నీళ్ళతో కలిపి ఏడు. రెండు జతల బట్టలు, పల్చటి దుప్పటి, తువ్వాలు, మూడు జతల సాక్సులు, టార్చి, పవర్ బ్యాంకు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, టేపు, దూది, పిన్నీసులు, స్టీలు నీళ్ళ సీసా. మిగతాది ఏది పెట్టినా జూపాడు బంగ్లాలో ఎవరికో ఇచ్చేస్తారు. నేను మొదటిసారి గొడుగు, దిండు, అరకిలో ఆవకాయ మోశాను. ఆవకాయ ఒక్కదానికే చింత లేదు.

తిండి, పడక, ఖర్చు?

తిండికి లోటుండదు, ఎక్కువవడమే సమస్య. దారి పొడవునా అన్నదానాలు, మజ్జిగ, పుచ్చకాయ ముక్కలు. వద్దంటే బాధపడతారు, అన్నీ తింటే నడవలేరు. పొద్దున ఉగ్గాని తిని మధ్యాహ్నం దాకా ఏమీ భారంగా తినకుండా, జేబులో శనగకాయల బెల్లం ఉండలు పెట్టుకుని నడవడం నా పద్ధతి, బజ్జీలు మాత్రం సాయంత్రానికే. పడక గుళ్ళల్లో, బడి వరండాల్లో, షామియానాల కింద. వరండాలో పడుకునే ముందు ఊళ్ళో ఎవరినైనా అడగండి, పొద్దున ఊడ్చి వెళ్ళండి. పోయినసారి నాకు తిరుగు బస్సు టికెట్టుతో కలిపి వెయ్యి రూపాయలు కూడా కాలేదు.

ఆడవాళ్ళు రావొచ్చా?

వస్తున్నారు, మగవాళ్ళ కన్నా బాగా నడుస్తున్నారు. అసలు ఇబ్బంది బాత్రూములే. మా వదిన చెప్పిన మాట యథాతథంగా: పెట్రోలు బంకు కనపడితే అవసరం ఉన్నా లేకపోయినా వెళ్ళిరా, బాత్రూముకి భయపడి నీళ్ళు తాగడం మానొద్దు. నలుగురైదుగురు కలిసి రండి. అడవిలో ఒకరికి ఒకరు చీర అడ్డం పట్టుకోవడం మామూలే. నెలసరి లెక్క ముందే చూసుకోండి, దారిలో వస్తే ఆగాలా నడవాలా అన్నది మీ ఇష్టం, ఎవరి ఉపన్యాసమూ వినక్కర్లేదు.

మా నాన్నకు 67 ఏళ్ళు, షుగర్ ఉంది. తీసుకురావొచ్చా?

డాక్టరు సరే అంటే, ప్రాక్టీసులో వరసగా రెండు రోజులు ఇబ్బంది లేకుండా నడిస్తే, తీసుకురండి. ఉత్త కాళ్ళతో మాత్రం ఒక్క అడుగు కూడా వేయనివ్వొద్దు, మొక్కుకున్నా సరే. షుగర్ ఉన్నవాళ్ళకి పాదానికి ముల్లు దిగినా తెలియదు, రాత్రి పడుకునే ముందు టార్చి వేసి మీరే ఆయన అరికాళ్ళు చూడాలి. నడకలో షుగర్ పడిపోతుంది కూడా, మందు మోతాదు గురించి డాక్టరును ముందే అడగండి, జేబులో బెల్లం ముక్క ఉండాలి. అడవి భాగం వద్దనుకుంటే ఆత్మకూరు దాకా మీతో నడిచి అక్కడ బస్సెక్కొచ్చు.

దీక్ష తీసుకోవాలా?

అక్కర్లేదు.

మధ్యలో ఆపేస్తే పాపమా?

రెండోసారి కొత్త బూట్లతో బయలుదేరాను. ఆఫర్లో దొరికాయి, బాగున్నాయి. జూపాడు బంగ్లా చేరేసరికి రెండు మడమలూ పచ్చిపుండ్లు, ఒంట్లో జ్వరం. అర్ధరాత్రి దాకా "పోగలనా, పోలేనా" అని కొట్టుకుని, పొద్దున కర్నూలు బస్సెక్కాను, కిటికీలోంచి ఎదురుగా నడిచి వస్తున్న స్వాములను చూస్తూ. ఇంటికొస్తే మా అమ్మ వేడినీళ్ళు పెట్టి ఒక్క మాట అంది, "ఆయన ఎక్కడికీ పోడులే". మరుసటి ఏడాది జూపాడు బంగ్లా నుంచే మొదలుపెట్టాలా అని ఒక పురోహితుడిని అడిగితే నీ ఇష్టం నాయనా అన్నాడు. నేను మళ్ళీ ఇంటి నుంచే నడిచాను.

చేరాక దర్శనం సంగతి?

కైలాస ద్వారం దాటాక ఇంక అయిపోయింది అనుకుంటారు, ఇంకా కొన్ని కిలోమీటర్లు ఉంది. హటకేశ్వరం, ఆ తర్వాత సాక్షి గణపతి. సాక్షి గణపతికి పేరు, గోత్రం చెప్పుకుని పోవాలి, మనం వచ్చామని ఆయనే కదా సాక్ష్యం. శివరాత్రి రద్దీలో లింగాన్ని చేత్తో తాకే స్పర్శ దర్శనం దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు, అలంకార దర్శనానికే గంటలు పడుతుంది. అందుకే నేరుగా క్యూలోకి పోకుండా, ముందు స్నానం చేసి నాలుగు గంటలు పడుకోండి. రాత్రి పాగాలంకరణ చూడాలనుకుంటే సాయంత్రమే చోటు పట్టుకోవాలి. దీపాలన్నీ ఆర్పేసి, చీకట్లో, ఏడాదంతా నేసిన బట్టను స్వామి విమాన శిఖరానికి చుడతారు.

తిరిగి కూడా నడిచే రావాలా?

బస్సుంది. శివరాత్రి మర్నాడు ఘాట్ రోడ్డు మీద బండ్లు కదలవు, కాబట్టి ఒక రోజు ఆగి రావడం నయం. మెట్ల దారిలో వచ్చినవాళ్ళకి శిఖరేశ్వరం తప్పిపోతుంది, అది దోర్నాల రోడ్డు మీద ఉంటుంది, వీలైతే అక్కడ దిగి నంది కొమ్ముల మధ్యలోంచి గుడి శిఖరం చూసి ఇంకో బస్సెక్కండి. బస్సులో కుడివైపో ఎడమవైపో ఏదైనా సరే కిటికీ పక్క సీటు పట్టుకోండి. ఆత్మకూరు దాటాక మీరు కూర్చున్న చెట్లు, నీళ్ళిచ్చిన ఇళ్ళు, బూటు విప్పిన కల్వర్టు ఒక్కొక్కటే వెనక్కి పోతుంటాయి, పక్క సీటాయనకి చూపించబోతే ఆయన నిద్రపోతుంటాడు.